డిక్కీలో ఇసుక

‘మోగని గ్లాసులు’ ధారావాహిక – పదకొండో భాగం

పోయిన శుక్రవారం గుమ్మంలో కూర్చుని చేపలమ్మే వెంకటసుబ్బులు మళ్ళీ చెప్పిన మాటలు భువనేశ్వరిని నాలుగు రోజులుగా వదలలేదు.

మే నెలాఖరులో, సముద్రం మీద వేట నిషేధం ఇంకా నడుస్తున్న రోజుల్లో, సుబ్బులు భర్త సింగరయ్య సూర్యలంక రోడ్డు మీద సైకిలు తొక్కుకుంటూ వస్తుంటే ఏదో కారు గుద్దింది. గుద్దిన కారులోవాడేనో, వెనక వచ్చిన ఇంకో కారులోవాడో, ఎవరో కుర్రాడు అతన్ని బాపట్ల ఆసుపత్రికి తెచ్చాడు. స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, ‘ఇప్పుడే వస్తాను’ అని చెప్పి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. సింగరయ్యకు ఆ తరువాత తెలివి రాలేదు. మూడో రోజున గుంటూరులో పోయాడు.

“కొట్టినోడు దొరికితే నేనేం చేసుకుంటానమ్మా,” అంది సుబ్బులు, తట్టలో చందువలను ఒకదాని పక్కన ఒకటి సర్దుతూ. “మోసుకొచ్చినోడు కనపడితే చాలు. ఆసుపత్రి కాడికొచ్చేసరికి మా ఆయన పెదాలు ఆడతన్నాయంట. వాచ్‌మన్ చూశాడంట. దారిలో ఏమన్నాడో అడగాలి. అంతే.” మళ్ళీ, “ఆయన వల కుట్టే వెదురు సూది కూడా దొరకలేదమ్మా. మొలలోంచి తియ్యడు దాన్ని. ముగ్గురు పిల్లలని దాని మొదట్లో మూడు గాట్లు పెట్టుకున్నాడు,” అంది.

తొమ్మిదేళ్ళుగా బాపట్ల నుంచి పాసింజరులో వచ్చి తెనాలి చెంచుపేటలో చేపలమ్మే మనిషి. మంగళవారం, శుక్రవారం. ఆ రోజు భువనేశ్వరి ఆమె దగ్గర అర కిలో చందువలు తీసుకుంది. రాత్రి కంచం ముందు కూర్చున్న భర్త బసవేశ్వరరావు, వాటిని పక్కకు జరిపి పెరుగన్నం తిని లేచాడు. ముల్లు మిగలకుండా తినే మనిషి, నలభై రోజులుగా చేప ముట్టలేదు. “ఆవిడ దగ్గర మానెయ్యరాదూ. ఫ్రిజ్‌లో వాసన,” అన్నాడు చెయ్యి కడుక్కుంటూ.

కొడుకు సాయి కిరణ్ కూడా ఆ నలభై రోజుల నుంచే మారాడు. ఇంజినీరింగ్ అయ్యాక ఏడాదిగా తండ్రితోపాటు రేపల్లెలో రైసుమిల్లు చూసుకుంటున్నవాడు, ఇప్పుడు వారానికి నాలుగు రోజులు ఇంట్లోనే పడి ఉంటున్నాడు. వెళ్ళిన రోజున కూడా రైల్లో వెళుతున్నాడు. ప్రాణంగా చూసుకున్న తెల్లకారు గేటు లోపల దుమ్ము పట్టి ఉంది.

ఇదివరకు కిరణ్ వీధి మలుపు తిరిగాడంటే ఆ సంగతి ముందు వంటింట్లో గ్లాసులు చెప్పేవి. అలమరలో బోర్లించిన ఆరు స్టీలు గ్లాసుల్లో చివరిది పక్కనున్న పళ్ళేనికి తగిలి సన్నగా వణికేది. భువనేశ్వరి అప్పుడు పొయ్యి మీద పెనం పెట్టేది. కారు డిక్కీలో వాడు పెట్టించుకున్న రెండు పెద్ద స్పీకర్ల ప్రతాపం అది. ఎదురింటి హనుమంతరావు గారు ఎన్నిసార్లో గొడవ పెట్టుకున్నారు. జూన్ మొదట్లో రెండుసార్లు కారు తీసినప్పుడు పాట మామూలుగానే వినిపించింది కాని గ్లాసు కదలలేదు. ఏమైందంటే, “వూఫర్ పోయిందమ్మా. వదిలెయ్యి,” అన్నాడు కిరణ్. బాగు చేయించుకోమంటే విసుక్కున్నాడు.

ఎల్లుండి వాడికి ఇరవై మూడు నిండుతాయి. చొక్కా కొంటే మడతపెట్టి బీరువాలో పడేస్తాడు. అందుకని ఆమె ఒక ఆలోచన చేసింది. మంగళవారం పొద్దున బసవేశ్వరరావు రేపల్లె రైలెక్కాక, కిరణ్ ఇంకా దుప్పటి ముసుగు తియ్యకముందే, కారు తాళాలు తీసుకుంది.

*

బోసు రోడ్డు వెనక సందులో లాజరు కొట్టు. మైకుసెట్లు అద్దెకిచ్చిన కాలం నుంచి ఉన్నది. ఇప్పుడు కార్లలో పాటల సెట్లు బిగిస్తాడు. యాభై దాటిన మనిషి. కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తి పెట్టుకుని కారును చూశాడు.

“బాబు రాలేదామ్మా?”

“వాడికి తెలియకుండా తెచ్చానండి. ఎల్లుండి పుట్టినరోజు.”

“ఏంటి కంప్లైంటు?”

“పాట వస్తోంది. దడ రావటం లేదు. ఇదివరకు మా వంటింట్లో గ్లాసులు మోగేవి.”

లాజరు పెద్దగా నవ్వాడు. “గ్లాసులు మోగుతున్నాయని తిట్టటానికి వచ్చినోళ్ళే గాని, మోగటం లేదని వచ్చింది మీరొక్కరేనమ్మా. గంట పడుద్ది. బజారు పనుంటే చూసుకు రండి.”

“ఇక్కడే ఉంటానండి.”

సన్నగా తుంపర పడుతోంది. రేకుల కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎవరు ఏ పని చేసినా దగ్గరుండి చూడటం ఆమెకు అలవాటు. కందిపప్పు బాగుచేసే మనిషి దగ్గరైనా అంతే, గోడకు సున్నం వేసే మనిషి దగ్గరైనా అంతే.

లాజరు ముందు పాట పెట్టించాడు. చెవితో వినలేదు, డిక్కీ తలుపు మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. “గొంతుంది, గుండె లేదు,” అన్నాడు. ముందు సెట్టులో బాస్ ఎంత పెట్టి ఉందో చూశాడు, చివరికంటా ఉంది. ఫ్యూజు పీకి వెలుతురుకు పట్టి చూసి మళ్ళీ పెట్టాడు. సీటు కింద ఎర్త్ బోల్టు తిప్పి చూశాడు. తుప్పు లేదు, వదులు లేదు. మీటరు పుల్లలు పెట్టి యాంప్లిఫైయరుకు కరెంటు సరిగ్గా వస్తోందన్నాడు. రెండు స్పీకర్లకూ సమానంగా వెళుతోందన్నాడు. ఒక్కొక్కటీ బాగానే ఉందని తేలుతున్న కొద్దీ అతని మొహంలో నవ్వు తగ్గుతూ వచ్చింది.

“అన్నీ బాగానే ఉంటే రోగమెక్కడ?” అన్నాడు తనలో తాను. డిక్కీలో స్పీకర్లున్న పెట్టెకు వెళ్ళే నాలుగు తీగల్లో కుడివైపు రెంటినీ ఊడబీకాడు.

కొట్టు రేకులు దడదడలాడాయి.

భువనేశ్వరి కుర్చీలోంచి లేచి నిలబడింది. బల్ల మీద స్క్రూల డబ్బా గలగలమంది. లాజరు పాట ఆపేశాడు.

“చూశారామ్మా? రెండూ ఉంటే చప్పుడు లేదు. ఒకటి తీసేస్తే వచ్చింది.”

అతను డ్రాయరులోంచి మైకులకు వేసే చిన్న చదరపు బ్యాటరీ తీసుకొచ్చాడు. ఎడమ స్పీకరు తీగలకు తాకించాడు. స్పీకరు మధ్యలో నల్లటి గిన్నెలాంటి భాగం టప్పున ముందుకు ఉబికింది. కుడిదానికి తాకించాడు. అది టప్పున లోపలికి పోయింది.

“ఒకటి తోస్తుంటే ఒకటి లాగుతోంది. మంచానికి చెరో పక్కా నిలబడి మొగుడు వాకిట్లోకీ పెళ్ళాం పెరట్లోకీ లాగితే మంచం ఎటు పోద్ది? అట్లాగే గాలి ఎటూ పోవటం లేదు. కుడి పక్క ప్లస్సు, మైనసు తారుమారు అయ్యాయి.”

“మీరు బిగించినప్పుడే…”

“నేనా!” లాజరుకు కోపం వచ్చింది. తీగ కొసలు ఆమెకు చూపించాడు. “చూడండి. అన్నీ నల్ల తీగలే. మైకుసెట్ల నాటి అలవాటమ్మా, నేను రంగుల్ని నమ్మను. ప్లస్సుకి తెల్ల దారం ముడేస్తాను. ఈ ముడి నా కొట్లో తప్ప తెనాలిలో ఎక్కడా ఉండదు. ఎడమ పక్క ముడి తీగ ప్లస్సుకే ఉంది. కుడి పక్క ముడి తీగ మైనసులో ఉంది. ముడి ఊడిపోలేదు, మాసిపోలేదు. ఇంత తెల్లగా కనపడుతోంది.”

“వేరే మెకానిక్ ఎవరైనా పొరపాటున…”

“వేరే మెకానిక్కుకి ముడి సంగతి తెలీదు, నిజమే. కాని వాడు బ్యాటరీ పెట్టి చూసుకుని బిగిస్తాడు. ముడి సంగతి తెలిసినోడు మీ బాబే. బిగించేటప్పుడు రెండు రోజులు నా పక్కనే పీట వేసుక్కూర్చున్నాడు. తెలిసినోడు తప్పు పెట్టడమ్మా.” లాజరు కళ్ళజోడు దించుకుని మళ్ళీ ఒకసారి తీగను చూశాడు. “పెట్టాడంటే, కావాలనే.”

“కావాలని ఎవరైనా పాడు చేసుకుంటారా?”

“పాడెక్కడైందమ్మా? ఒక్క వస్తువు కూడా చెడకుండా చప్పుడు ఒక్కటే చంపాడు. తెలివైన పనే.”

అతను తీగలు సరిచేసి, పెట్టె కుదురుగా ఉందో లేదో చూద్దామని ఒక ఊపు ఊపాడు. పెట్టె కదిలింది. వంగి చూసి నాలుక చప్పరించాడు. నేలకు పట్టి ఉంచే రెండు ఇనప బద్దలూ వంకరపోయి ఉన్నాయి. “మరలు తియ్యలేదు. పీకారు. అంత తొందరేంటో!”

పెట్టెను రెండు చేతులా ఎత్తి బల్ల మీద పెట్టాడు. పెట్టె అడుగున అతికించిన నూలుపట్టాకు సన్నటి ఇసుక పట్టి ఉంది. అందులో తెల్లటి గవ్వముక్కలు, సూదుల్లాంటి ఎండు సరుగుడాకులు. లాజరు వేలితో రాసి చూశాడు.

“ఇది మన మన్ను కాదమ్మా. సముద్రం ఇసుక. బాపట్ల వైపేమైనా వెళ్ళారా?”

“లేదు,” అంది భువనేశ్వరి.

ఆ మాట ఎంత తొందరగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం కలిగింది.

డిక్కీ ఖాళీగా ఉంది. స్టెప్నీ టైరు పెట్టే గుంట మీది అట్ట పక్కకు జరిగి ఉంది. టైరుకూ రేకుకూ మధ్య సందులో ఏదో ఇరుక్కుని కనపడింది. లాజరు చూడకముందే ఆమె చెయ్యి పెట్టింది. జానెడు పొడుగున్న వెదురు బద్ద. ఒక కొస మొనదేలి, మధ్యలో నాలుకలా చెక్కి, చేతి జిడ్డుకు నున్నబడి ఉంది. దాని ఒంటికి ఇంకా నీలం నైలాను దారం చుట్టి ఉంది.

దాని మొదట్లో గాట్లున్నాయి. ఆమె వాటిని చూడలేదు. బొటనవేలితో తడిమి లెక్కపెట్టింది.

ఒకటి. రెండు. మూడు.

“ఏంటమ్మా అది?”

“ఏదో పుల్లండి,” అంటూ చేతిసంచిలో వేసుకుంది.

పెట్టె మళ్ళీ బిగించేలోగా లాజరు బ్రష్షు పట్టుకుని ఇసుక దులపబోయాడు. “వద్దండి,” అందామె. “అట్లాగే ఉండనివ్వండి.” అతను ఆమె మొహం చూసి బ్రష్షు కింద పెట్టేశాడు. కొత్త బద్దలు వేసి, మరలు బిగించాడు.

*

రైల్వే గేటు పడి ఉంది. ముందు లారీ, పక్కన రెండు ఆటోలు. అద్దం మీద వైపరు అటూ ఇటూ కొట్టుకుంటోంది.

ఆమె ఒక్కొక్క రోజే వెనక్కి వెళ్ళింది. సింగరయ్యకు దెబ్బ తగిలిన రోజు కిరణ్ రేపల్లెలోనే ఉన్నాడని బసవేశ్వరరావు ఎవరూ అడక్కుండానే చెప్పాడు. కారు ముందు బంపరు కొత్తది వేసి ఉంటే, ‘మిల్లు గేటుకు నేనే తగిలించాను’ అన్నాడు. పెళ్ళయి ఇరవై ఆరేళ్ళయినా, ఆయన తన తప్పు తానై ఒప్పుకున్నది అదొక్కసారే. అప్పుడు ఆమెకు ముచ్చటేసింది కూడా.

కారు ఎవరో తీసుకెళ్ళి ఉండవచ్చు. స్నేహితుడికి ఇచ్చి ఉండవచ్చు. కిరణ్ మోసుకెళ్ళినవాడే అయి ఉండవచ్చు, కొట్టినవాడు కాకపోవచ్చు. గేటు లేచేదాకా ఆమె ఆ చివరి ఆలోచననే పట్టుకుని కూర్చుంది. అది నిజమైతే ముడి తీగ మైనసులో ఎందుకుందో మాత్రం ఆమెకు పాలుపోలేదు.

చెంచుపేటలో తమ వీధి మలుపు దగ్గర కారు ఆపింది. వాణ్ణి కూర్చోబెట్టి అడిగితే చెప్పడు. నలభై రోజులు అడగని రోజు లేదు. ఆమె పాట పెట్టింది. వాడు పెట్టుకునేంత పెంచింది. కూర్చున్న సీటు వెనక నుంచి వీపును ఎవరో పిడికిలితో గుద్దుతున్నట్టుగా ఉంది. అలాగే మెల్లగా వీధిలోకి తిప్పింది.

హనుమంతరావు గారి కిటికీ తెరుచుకుంది. తమ వంటింట్లో చివరి గ్లాసు ఇప్పుడు వణుకుతూ ఉంటుంది. కారు గేటులోకి సగం వెళ్ళిందో లేదో, కిరణ్ చెప్పుల్లేకుండా తడి గచ్చు మీద పరుగెత్తుకుంటూ వచ్చాడు.

“ఆపు! అమ్మా, ఆపేయ్!”

కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పేశాడు. పాట పోయింది. వాడి చెయ్యి ఇంకా తాళం మీదే ఉంది.

“ఎవరు ముట్టుకున్నారు దీన్ని?”

“లాజరు గారు. పుట్టినరోజుకి నీకు చెప్పకుండా చేయిద్దామనుకున్నాను.”

వాడు ఏడుస్తాడో నవ్వుతాడో తెలియని మొహం పెట్టాడు. ఆమె దిగింది. కారును సగం గేటులో, సగం వీధిలో అలాగే వదిలేసి ముందు గదిలోకి నడిచింది. వాడు వెనకే వచ్చాడు. ఆమె చేతిసంచి తెరిచి వెదురు సూది తీసి బల్ల మీద పెట్టింది.

కిరణ్ నిలబడ్డవాడు నిలబడ్డట్టే గోడకు జారి కింద కూర్చున్నాడు.

“ఎవరిదో తెలుసా?” అంది.

“తెలుసు.”

“సుబ్బులు భర్తదని తెలుసా?”

“తరవాత తెలిసింది. మన సుబ్బులమ్మ అని… ఆమె వచ్చి నీకు చెబుతుంటే లోపల గదిలోంచి విన్నాను.”

భువనేశ్వరి కుర్చీ లాక్కుని వాడి ఎదురుగా కూర్చుంది. రైల్వే గేటు దగ్గర పట్టుకున్న ఆలోచన ఇంకా ఆమె వదిలిపెట్టలేదు. “నువ్వు తీసుకెళ్ళి చేర్పించావు. అంతేనా?”

వాడు తల అడ్డంగా ఊపాడు.

“నోటితో చెప్పు, నాన్నా.”

“నేనే కొట్టాను.”

వాన కాస్త పెరిగింది. సన్‌షేడు మీద నుంచి ధారలు మెట్ల మీద పడుతున్నాయి. వాడు నేల వంక చూస్తూ, ఒక్కొక్క మాటా ఎక్కడి నుంచో తవ్వి తీస్తున్నట్టుగా చెప్పాడు. మధ్యాహ్నం మూడు. రోడ్డు ఖాళీ. కొత్త పాట ఒకటి దొరికింది. బాస్ ఎలా ఉందో చూద్దామని చివరికంటా పెంచాడు. సరుగుడు తోట దాటాక మలుపు.

“బెల్లు కొట్టే ఉంటాడమ్మా. కేక కూడా వేసే ఉంటాడు. నాకేం వినపళ్ళేదు. దెబ్బ తగిలిందిగా, ఆ చప్పుడు కూడా… పాటలోదే అనుకున్నాను. తాళం తప్పిందేంటా అనుకున్నానమ్మా! అట్లా అనుకుంటూ ఇంకా కొంత దూరం పోయాను. అద్దంలో చూస్తే సైకిలు చక్రం తిరుగుతోంది.”

భువనేశ్వరి కుర్చీ ముందుకు జరుపుకుంది.

“వెనక్కొచ్చాను. వెనక సీటు మడిచినా ఆ పెట్టె అడ్డమొచ్చి కాళ్ళు పట్టలేదు. పీకి తోటలో పడేశాను. ఆయన్ని పడుకోబెట్టాను. పెట్టె మర్నాడు పొద్దున పోయి తెచ్చుకున్నాను. ఉండకుండా ఎవరైనా ఎత్తుకుపోయుంటే బాగుండేది. అక్కడే ఉంది.”

“ఆ తీగ అందుకే తిప్పి పెట్టావా?”

“పెట్టె లేకపోతే అందరూ అడుగుతారుగా. ఫ్యూజు లాగితే ఎవడో ఒకడు రెండు నిమిషాల్లో పెట్టేస్తాడు. ఆ దెబ్బ… పాటలో ప్రతి దెబ్బా అదేనమ్మా. ఇప్పుడు నువ్వు వీధిలోకి తిరిగినప్పుడు…” వాడు చెవులు మూసుకున్నాడు, ఆగిపోయిన పాట ఇంకా వినిపిస్తున్నట్టు.

వాడి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకోవాలని ఆమెకు అనిపించింది. పెట్టుకోలేదు. సుబ్బులు అడిగిన ప్రశ్న ఒకటి ఆమె దగ్గర ఉంది. అది అడగకుండా వాణ్ణి ముట్టుకోవటానికి మనసొప్పలేదు.

“ఆయన మాట్లాడాడా?”

“దారంతా.”

“తిట్టాడా?”

“తిట్టలేదమ్మా!” అప్పటిదాకా ఏడవనివాడు అప్పుడు ఏడ్చాడు. “తిట్టుంటే బాగుండేది. నేను ఏడుస్తూ నడుపుతున్నానని… ‘మెల్లగా పోనియ్యి బాబూ. నువ్వు బెదిరిపోమాక, ఇంకోణ్ణి గుద్దుతావ్’ అన్నాడు. పేరడిగాడు. చెప్పాను. ఆ తరవాత వాళ్ళావిడకి ఒక మాట చెప్పమన్నాడు. ఆస్పత్రి వచ్చేలోపు మూడుసార్లు చెప్పాడు. నాకు సరిగ్గా వచ్చిందో లేదోనని నా చేత తిరిగి చెప్పించుకున్నాడు.”

“ఏం మాట?”

కిరణ్ తలెత్తాడు. నలభై రోజుల్లో వాడు ఆమె కళ్ళలోకి చూడటం అదే మొదలు.

“నీకు చెప్పకూడదమ్మా. ఆమెకే చెప్పమన్నాడు.”

“మరి చెప్పలేదేం?”

వాడు మళ్ళీ నేల వంక చూశాడు.

“నలభై రెండు రోజులు, కిరణ్. వారానికి రెండుసార్లు ఆ మెట్టు మీదే కూర్చుని అడుగుతోంది. నువ్వు గోడకు ఇవతల కూర్చుని వింటున్నావు. ఎందుకు చెప్పలేదు?”

“చెబుతానన్నాను. ఆ రోజే వెనక్కి పోతానన్నాను. నాన్న వద్దన్నారు.”

“నాన్నా?”

“ఆస్పత్రి నుంచి తిన్నగా రేపల్లె పోయాను. మిల్లు దగ్గరికి. భయమేసి. నాన్న ఏమీ అనలేదు. పనివాళ్ళని ముందు వైపు పంపించేసి, గొట్టం పెట్టి వెనక సీటు నాన్నే కడిగారు. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి.” వాడు మొహం తుడుచుకున్నాడు. “అమ్మకి మాత్రం తెలియకూడదన్నారు. తెలిస్తే అమ్మ ఊరుకోదన్నారు.”

భువనేశ్వరికి పక్కకు జరిపిన చేపముక్కలు కళ్ళముందు కదిలాయి. ఫ్రిజ్‌లో వాసన. మిల్లు గేటుకు తగిలిన బంపరు. రోజూ సాయంత్రం ఏడింటికి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, ‘కిరణ్ తిన్నాడా’ అని అడిగే మనిషి. అమ్మ ఊరుకోదని ఆయనకు తెలుసు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన తనను ఇంత సరిగ్గా అర్థం చేసుకున్నాడని ఆమెకు ఇవాళే తెలిసింది.

ఊరుకోకపోతే ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు. పోలీసు స్టేషను. కోర్టు. ఇరవై మూడేళ్ళు నిండని కొడుకు. ఊరుకుంటే ఏమవుతుందో ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

“అమ్మగారో!”

గేటు దగ్గర కేక. ఇవాళ మంగళవారం.

కారు అడ్డంగా ఉండటంతో గేటు వెయ్యలేదు. వెంకటసుబ్బులు దాని పక్క నుంచి ఒదిగి లోపలికి వచ్చి, వానకు నెత్తిన తట్ట మీద ప్లాస్టిక్ పట్టా కప్పుకుని మెట్ల ముందు నిలబడింది. తడిసిన చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంది.

“ఇందాక పాట మోగిందేంటమ్మా? వీధి చివరాఖరికి వినపడింది. చాన్నాళ్ళయిందిలే. చిన్నబాబు మళ్ళీ బయటికొస్తన్నాడా?” గొంతులో సంతోషమే ఉంది. “ఇవాళ మంచి వంజరం పడింది. తట్ట దించాలి, ఒక చెయ్యెయ్యమ్మా. బాబున్నాడా, పోనీ?”

నిండు తట్టను ఒక్క మనిషి దించుకోలేరు. చెరో వైపు పట్టాలి. తొమ్మిదేళ్ళుగా ఈ గుమ్మంలో ఆ తట్టకు రెండో చెయ్యి కిరణ్‌దే. ఇంటర్ చదివేటప్పుడు పుస్తకం చంకలో పెట్టుకుని కూడా వచ్చి పట్టేవాడు. ఈ నలభై రోజులూ భువనేశ్వరే పడుతోంది.

అలవాటు కొద్దీ ఆమె లేవబోయింది. కుర్చీ చేతుల మీద బరువు పెట్టి సగం లేచింది. అక్కడే ఆగింది. కొడుకు వంక చూసి, మళ్ళీ కూర్చుంది.

“నిన్నే పిలుస్తోంది,” అంది మెల్లగా.

కిరణ్ గుమ్మం వంక చూశాడు.

“ఎవరూ లేరామ్మా? మెడ పడిపోతోంది,” అంది సుబ్బులు బయటి నుంచి, నవ్వుతూనే.

వాడు గోడ పట్టుకుని లేచాడు. బల్ల దాటి వెళుతూ ఒక్క క్షణం నిలబడ్డాడు. భువనేశ్వరి తల తిప్పలేదు. ఫోను మోగింది. తెర మీద భర్త పేరు. మోగనిచ్చింది. వాడి పాదాలు గుమ్మం దాటి, మెట్లు దిగి, వాన నీళ్ళలో చప్పుడు చేశాయి.

“హమ్మయ్య, వచ్చావా బాబూ! ఎంత చిక్కిపోయావయ్యా! ఇటు పట్టు, ఇటు.”

భువనేశ్వరి అప్పుడు బల్ల వంక చూసింది. బల్ల ఖాళీగా ఉంది.

మెట్ల దగ్గర కిరణ్ ఎడమచేత్తో తట్ట అంచు పట్టుకున్నాడు. కుడిచెయ్యి కూడా ఎత్తాడు. వాడి వేళ్ళ మధ్య నీలం దారం చుట్టిన వెదురు సూది ఉంది. సుబ్బులు మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది. కళ్ళు మాత్రం ఆ సూది మొదటికి, మూడు గాట్ల దగ్గరికి వెళ్ళి ఆగాయి.

తట్ట ఇంకా ఆమె నెత్తి మీదే ఉంది. దించటానికి ఇద్దరిలో ఎవరూ కదలలేదు.

“మెల్లగా పోనియ్యి బాబూ అన్నాడు,” కిరణ్ మొదలుపెట్టాడు.